యాంటెన్నా జప్తు

మూసారాంబాగ్ వంతెన దగ్గర్నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఎంతమంది మొనగాళ్ళయినా ఉండనీండి, బొమ్మకార్లను తోలే పాత ట్రాన్స్‌మిటర్‌ను కళ్ళు మూసుకుని తడిమి, దాని రంగేమిటో చెప్పగలవాడు సాంబమూర్తి ఒక్కడే. రంగంటే డబ్బాకు పూసిన రంగు కాదు. లోపల గోరంత క్రిస్టల్ ఒకటుంటుంది. అది ఏ ఫ్రీక్వెన్సీ మీద పలుకుతుందో దాన్నిబట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం అని పేర్లు. సాంబమూర్తి డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, వైద్యుడు నాడి చూసినట్టు మూడు వేళ్ళు ఆనించి "ఇది నీలం" అన్నాడంటే అది నీలమే. ఒకసారి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో పక్కాయన సంచిలో ఉన్న సెట్టును సంచి పైనుంచే ఎరుపని చెప్పాడనీ, ఆ పక్కాయన భయపడి తన బస్సు కాని బస్సెక్కి వెళ్ళిపోయాడనీ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో నేను మొదటివాణ్ణి.

ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు మీద కొంతదూరం పోతే, కోర్టు కేసులో పడి ఆగిపోయిన వెంచరు ఒకటుంది. లోపల నున్నటి తారు రోడ్లున్నాయి గానీ వాటి పక్కన ఒక్క ఇల్లూ లేదు. ఆదివారం పొద్దున్నే పాత బొమ్మకార్ల వాళ్ళంతా అక్కడ చేరతారు. వెంచరు ఆర్చి స్తంభానికి ఓ చెక్క పలక వేలాడుతుంది. దానికి రంగురంగుల బట్టల క్లిప్పులు, రంగుకొకటి. ఒకే రంగు డబ్బాలు రెండు ఒకేసారి ఆన్ చేస్తే కారు ఎవరి మాట వినాలో తోచక దారి తప్పుతుంది. అందుకని తన రంగు క్లిప్పు తీసి యాంటెన్నాకు తగిలించుకున్నవాడే స్విచ్చు నొక్కాలి. క్లిప్పు పలక మీద లేకపోతే వచ్చేదాకా కూర్చోవాలి. ఈ నియమం తప్పినవాళ్ళ యాంటెన్నా విప్పేసి ఓ నెల జప్తు చేస్తారు. నియమమైతే ఉంది గానీ అప్పటిదాకా ఎవరి యాంటెన్నా మీదా ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

ఆ ఆదివారం ఎర్ర క్లిప్పు గజేందర్ దగ్గరుంది. చంపాపేటలో హార్డ్‌వేర్ దుకాణం నడిపే గజేందర్ మాట్లాడితే దుకాణం షట్టరు లేపినట్టుంటుంది. అతని కారు మలుపుల్లో తోక ఊపుకుంటూ పరుగెడుతోంది. ఎల్బీనగర్‌లో కర్రీ పాయింటు నడిపే బాలలక్ష్మిదీ ఎరుపే. ఆమె రోడ్డంచు రాయి మీద కూర్చుని, తన వంతు కోసం చూస్తూ, చీర కొంగుతో యాంటెన్నా తుడుచుకుంటోంది. ఆర్చి నీడలో సాంబమూర్తి, గురువారం జుమ్మేరాత్ బజారులో దొరికిన కొత్త డబ్బా ఒళ్ళో పెట్టుకుని పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. కొత్తదంటే ఆయనకు కొత్తది. జపాన్‌లో తయారై నలభై ఏళ్ళు దాటుంటుంది. వెండిరంగు మొహం, రెండు స్టిక్కులు, మధ్యలో అగ్గిపెట్టెలో సగమంత మీటరు. యాంటెన్నా మొదట్లో పాత యజమాని ఎవరో రంగు గుర్తుకు కట్టిన ఆకుపచ్చ రిబ్బను, అంచులు చివికి అలాగే ఉంది.

ఇక్కడో సంగతి చెప్పాలి. షోకేసు నిండా ట్రాన్స్‌మిటర్లున్న సాంబమూర్తికి కారు ఒక్కటీ లేదు. ఉండాలనీ లేదు. ఆయన సుఖమంతా డబ్బాతోనే. యాంటెన్నాను ఒక్కో కణుపూ లాగుతూ ప్రతి కణుపూ చేసే చప్పుడు వినడం, స్టిక్కును పక్కకి నెట్టి వదిలితే స్ప్రింగు దాన్ని మళ్ళీ నడిమధ్యకు తెచ్చి నిలబెట్టడం చూడడం, స్విచ్చు నొక్కగానే మీటరు ముల్లు నిద్రలేచినట్టు పైకి రావడం. అంతే. ఆరోజు ఆయన పద్ధతిగా లేచి, పలక మీది ఆకుపచ్చ క్లిప్పు తీసి తగిలించుకుని, యాంటెన్నా పూర్తిగా లాగి, స్విచ్చు నొక్కాడు. ముల్లు లేచింది. సాంబమూర్తి మొహం విప్పారింది.

సరిగ్గా అప్పుడే గజేందర్ కారు మలుపు తిరగడం మానేసి నేరుగా వచ్చి ఆర్చి స్తంభాన్ని గుద్దుకుంది. పైడొప్ప రెండు ముక్కలైంది. సాంబమూర్తి ఉలిక్కిపడి స్విచ్చు ఆపేశాడు. ఆయన వైపు ఎవరూ చూడలేదు. అందరూ బాలలక్ష్మి వైపు చూశారు. ఆమె చేతిలో యాంటెన్నా నిలువునా సాగి మెరుస్తోంది.

"బాలక్కా! క్లిప్పు నా దగ్గరుండంగ నువ్వెట్ల ఆన్ చేస్తవ్?" అన్నాడు గజేందర్.

"నేను చెయ్యలే గజేందరన్నా. దుమ్ము తుడుద్దామని యాంటెన్నా గుంజిన. గంతే."

"గుంజినంక వేలు ఊకుంటదా?"

"నా వేలు నా మాట ఇంటది. నీ కారే నీ మాట ఇనలే."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే ఆమె కొంప ముంచింది. గజేందర్ మొహం కందిపోయింది. క్లిప్పుల పలక బాధ్యత ప్రసన్నకుమార్‌ది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాడు. ఆదివారం కూడా ఆయన ముందు నల్లబల్ల ఉన్నట్టే మాట్లాడతాడు.

"చూడండి మేడమ్, ఇక్కడ రెడ్ సెట్లు రెండే ఉన్నాయి. ఒకటి గజేందర్‌ది, రెండోది మీది. మూడోది లేదు. ఇంక మిగిలిందెవరు?"

"నేను స్విచ్చు ఒత్తంగ చూసినోళ్ళెవరు సార్?"

"చూడక్కర్లేదండీ. మీ యాంటెన్నా పైకి లేచుంది. చాలదా?"

బాలలక్ష్మి చుట్టూ చూసింది. ఇంతకుముందు ఆమె తెచ్చిన పెసర గారెలు తిన్నవాళ్ళందరూ కింద పడిన డొప్ప ముక్కల్ని శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. ప్రసన్నకుమార్ యాంటెన్నా విప్పడానికి చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. మెడలోని పట్టీ తీసి, దాన్ని డబ్బాకు చుట్టి, మొత్తం డబ్బానే ఆయన చేతిలో పెట్టింది.

"ఇప్పదీసుడెందుకు సార్, ఇరుగుతది. అంతా పెట్టుకోండ్రి."

ఎవరి దగ్గర పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. కారు లేనివాడు, ఎవరి పక్షమూ కానివాడు, వస్తువును కళ్ళకద్దుకుని చూసుకునేవాడు ఒకడే ఉన్నాడు. "సాంబమూర్తిగారి దగ్గరైతే భద్రం" అన్నారు అందరూ. సాంబమూర్తి రెండు చేతులూ చాచి, తీర్థం పుచ్చుకున్నట్టు పుచ్చుకున్నాడు. ఆ డబ్బా మీద ఆయనకు చాలాకాలంగా కన్నుంది. అలాంటిది ఆయన షోకేసులో లేదు. అడిగినప్పుడల్లా బాలలక్ష్మి ఒకటే చెప్పేది: "గది అమ్మేటిది కాదు సార్, తోలేటిది."

సోమవారమంతా ఆయన దాన్ని చూస్తూ గడిపాడు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో వాళ్ళ ఫ్లాటు. హాలులో సగం షోకేసే. నడి అరలో ఉన్నవాటిని అటూ ఇటూ జరిపి దానికి చోటు చేశాడు. ఎడమ స్టిక్కు కొన మీద పసుపు మరక ఉంది. వంట పసుపు. పట్టీ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంగువ తిరగమోత వాసన. సాంబమూర్తికి ఒక నిష్ఠ ఉంది: పాత యజమాని గుర్తుల్ని చెరపకూడదు, సెట్టు విప్పకూడదు, రిబ్బనైనా మార్చకూడదు, ఎలా దొరికిందో అలాగే ఉంచాలి. ఆ పసుపు మరకను చూసి, మెత్తటి గుడ్డను మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఎవరిదండీ అది?" అంది భార్య విజయదుర్గ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"జప్తుది."

"జప్తు చేసింది బీరువాలో పెడతారు గానీ, ముస్తాబు చేసి షోకేసులో పెడతారా?"

సాంబమూర్తి వినబడనట్టు అద్దం తలుపు మూశాడు.

మంగళవారం ఆకుపచ్చ రిబ్బను డబ్బా పని పట్టాడు. ఆదివారం ముల్లు లేచింది గానీ కొంచెం వణికింది. బ్యాటరీల అర మూత తీసి చూస్తే స్ప్రింగుల మీద తెల్లగా, ఉప్పు పేరుకున్నట్టు, పాత బ్యాటరీలు కారిన పొక్కు. అది వదిలేస్తే తీగల్ని తినేస్తుంది. నిష్ఠ ఎంతటిదైనా దీనికి మాత్రం మినహాయింపు. చెవిలో పెట్టుకునే దూది పుల్లను వెనిగర్‌లో ముంచి ఒక్కో స్ప్రింగూ తడిపాడు. పొక్కు బుస్సుమని పొంగింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్దాడు. మళ్ళీ తడిపాడు, మళ్ళీ తుడిచాడు. అర మూలలోకి పొక్కు పాకిన చోట ఒక చిన్న గూడు కనబడింది. అందులో క్రిస్టల్. దాని తలమీద రంగు టోపీ ఉండాలి. లేదు. టోపీ లేని వెండి డబ్బీ మీద అంకెలు మాత్రం ఉన్నాయి, చీమకాళ్ళంత.

కళ్ళు మూసుకుని తడిమితే సరిపోయేది కదా అంటారేమో. తడిమాడు. ఏమీ తెలియలేదు. ఎప్పుడూ తెలియలేదు. నేను మొదట్లో కొట్టిన డప్పు ఇక్కడితో చిరిగిపోయింది, ఏమనుకోకండి. సాంబమూర్తి భూతద్దం తెచ్చుకున్నాడు. చదివాడు. కళ్ళజోడు మార్చి మళ్ళీ చదివాడు. ఆ అంకెలు ఎరుపు ఫ్రీక్వెన్సీవి. ఆ పాత యజమాని ఎప్పుడో ఏ అవసరానికో క్రిస్టల్ మార్చుకున్నాడు, రిబ్బను మార్చడం మరిచాడు. ఆ రిబ్బనును దేవుడి పటానికి కట్టిన దారంలా నమ్మి, ఆకుపచ్చ క్లిప్పు పెట్టుకుని, సాంబమూర్తి ఎర్ర రంగులో కూశాడు.

వెంచరులో మూడో ఎరుపు ఉంది. ఆయన ఒళ్ళోనే ఉంది.

వెనిగర్ సీసాకు మూత పెట్టాడు. చిన్న కత్తెర చేతికి అందేంత దూరంలో ఉంది. రిబ్బను ఒక్కసారి కత్తిరిస్తే, ఎరుపు రిబ్బను ఒకటి కట్టుకుంటే, ఆదివారం తెచ్చింది ఇది కాదు, వేరేదనుకుంటారు. అడిగేవాడు లేడు. షోకేసు నడి అరలో పసుపు మరక డబ్బా మీటరు అద్దం వెలుగులో మెరుస్తోంది. ఆయన కత్తెర తీసుకున్నాడు, మీసంలో పొడుగ్గా పెరిగిన వెంట్రుక ఒకటి కత్తిరించుకుని, మళ్ళీ పెట్టేశాడు.

బుధవారం మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగాడు. చెప్పేద్దామనే బయలుదేరాడు. బాలలక్ష్మి కర్రీ పాయింటు ముందు ఆఫీసుల నుంచి వచ్చినవాళ్ళు, హాస్టలు పిల్లలు గుంపుగా ఉన్నారు. ఆమె చేతులు ఆగడం లేదు. కవరు నోట్లో గాలి ఊది విప్పడం, గరిటెతో సాంబారు పోయడం, కవరు మెడ మెలిపెట్టి దారం చుట్టి, దారం కొసను మెలికలో దోపడం. చుక్క కింద పడదు. సాంబమూర్తి ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఏం సార్, గింత దూరమొచ్చిండ్రు? మేడంకు పానం మంచిగ లేదా?"

"బానే ఉందమ్మా. నేనే... దొండకాయ వేపుడుందా?"

"ఉన్నది. మా డబ్బ ఎట్లున్నది?"

"బాగుంది. అద్దాల అలమారలో పెట్టాను."

"అద్దాలల్లనా! గదేమన్న పెండ్లికూతురా సార్?" అని నవ్వింది. గుంపు పలచబడ్డాక, గరిటె గిన్నె అంచుకు ఆనించి, కాస్త గొంతు తగ్గించింది. "వారమంత గిదే సార్, తిప్పుడే. ఆదివారం గా పుల్లలు తిప్పితె నేను కూసున్న కాడ్నే ఉంట, బండి పోతది. ఎక్కడికో దూరంగ పోతది. గది చూస్తాంటె మంచిగనిపిస్తది."

సాంబమూర్తి నోరు తెరిచాడు. "బాలలక్ష్మిగారూ, ఆరోజు..." అన్నాడు.

"ఆరోజు ముచ్చట ఇడిసిపెట్టుండ్రి. నేనిగ రాను సార్. చెయ్యనిదానికి తలకాయ ఒంచి నిలబడుడు నాతోని కాదు. డబ్బ మీరే ఉంచుకోండ్రి. అమ్మనని జెప్పిన, ఇప్పుడు గూడ అమ్మను. ఊకెనే తీస్కోండ్రి. తోలనోళ్ళ ఇంట్ల కంటె తుడిచేటోళ్ళ ఇంట్ల ఉంటె నయం గద."

 అనవలసిన మాట బదులు ఆయన నోట ఇంకో మాట జారింది. "అలా ఊరికే ఇస్తే రేపు ఎవరైనా ఏమైనా అంటారమ్మా. ఆదివారం వచ్చి అందరి ముందూ ఇస్తున్నానని చెప్పండి. పద్ధతిగా ఉంటుంది."

బాలలక్ష్మి ఆయన్ను ఒక్క క్షణం చూసి, "సరే, మీకోసం వస్త" అంది. వేపుడు కవరులో ఇంకో గరిటె ఎక్కువే వేసి దారం చుట్టింది.

ఇంటికి వచ్చాక విజయదుర్గ కవరు చేతిలో పట్టుకుని బరువు చూసింది. "చిక్కుడుకాయ కూర చేశానుగా. ఎల్బీనగర్ దాకా వెళ్ళి దొండకాయలేంటండీ?"

సాంబమూర్తి చెప్పాడు. మొదట క్రిస్టల్ సంగతి, తరవాత రిబ్బను సంగతి, చివర్న, ఆవిడే ఇస్తానందన్న సంగతి.

"ఇస్తానందా? ఇచ్చే పరిస్థితి మీరు తెచ్చారా?"

"నాకప్పుడు తెలీదు కదా."

"అప్పుడు తెలీదు. ఇవాళ తెలుసుగా. మరి అక్కడ నోట్లో ఏం పెట్టుకున్నారు?"

సాంబమూర్తి భూతద్దం తుడవడం మొదలుపెట్టాడు. ఎంత తుడిచినా అది తేటపడలేదు.

"ఆదివారం నేనూ వస్తాను," అంది విజయదుర్గ.

"అక్కడంతా ఎండ."

"చూసుకుంటాలెండి."

ఆదివారం బాలలక్ష్మి స్కూటీ మీద వచ్చింది. కారును పాత టర్కీ తువ్వాలులో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకుంది. హెల్మెట్ తియ్యలేదు, వెంటనే వెళ్ళిపోయేదానిలా. సాంబమూర్తి రెండు డబ్బాలూ తెచ్చుకుని ఆర్చి నీడలో కుర్చీలో కూర్చున్నాడు. విజయదుర్గ గొడుగు ముడిచి పట్టుకుని ఆయన వెనక కూర్చుంది. గజేందర్ కారుకు టేపు అంటించి, దెబ్బ తగిలినవాడి తలకట్టులా తయారు చేశాడు.

"మేడమ్ ఏదో చెప్పాలనుకుంటున్నారట," అన్నాడు ప్రసన్నకుమార్.

"చెప్పేదేమున్నది సార్, మా డబ్బ సాంబమూర్తి సారుకు..."

అప్పుడు సాంబమూర్తి ఎవరూ చెప్పకుండా, తనంతట తాను, చప్పున లేచి నిలబడ్డాడు.

"ఆగమ్మా. గజేందర్ కారు గుద్దింది మీవల్ల కాదు. నావల్ల," అన్నాడు.

 గజేందర్ తన గొంతు షట్టరు లేపాడు. "మూర్తి సాబ్, మీకు కారే లేదు. గా ఆకుపచ్చ డబ్బ నా కారునెట్ల గుద్దిస్తది? జాలి పడ్డరు, గంతే. మీ దిల్ పెద్దది."

"జాలి కాదయ్యా. నువ్వు కారు తీయి. మెల్లగా తోలు."

గజేందర్ నవ్వుకుంటూ ఎర్ర క్లిప్పు తగిలించుకుని తలకట్టు కారును నెమ్మదిగా తోలాడు. సాంబమూర్తి ఆకుపచ్చ రిబ్బను డబ్బా మెడలో వేసుకుని, యాంటెన్నా కణుపు కణుపునా లాగాడు. ఈసారి ఏ కణుపు చప్పుడూ ఆయనకు వినబడలేదు. స్విచ్చు నొక్కాడు. కారు ఒక్కసారి వణికి, చుట్టూ తిరిగి, నేరుగా ప్రసన్నకుమార్ బూటును ఢీకొట్టి అక్కడే చక్రాలు గిర్రుగిర్రున తిప్పింది. సాంబమూర్తి స్విచ్చు ఆపాడు. కారు బుద్ధిమంతురాలిలా గజేందర్ దగ్గరికి వెళ్ళిపోయింది.

ప్రసన్నకుమార్ వంగి బూటు తుడుచుకుని లేచేసరికి ఆయన మొహంలో చిరునవ్వు వచ్చేసింది. "అయితే ఇది రిబ్బన్ మిస్టేక్ అన్నమాట! మీరు క్లిప్పు కూడా పెట్టుకున్నారు కదండీ. మీదేం తప్పు లేదు సార్. టెక్నికల్ ఎర్రర్. ఇక్కడితో వదిలేద్దాం."

"అవును సాబ్, మీరు కావాల్నని చేసిండ్రా ఏంది? డొప్ప పోతె పోయింది, టేపేసిన గద," అన్నాడు గజేందర్. ఎవరో టీ ఫ్లాస్కు మూత తిప్పారు. సాంబమూర్తికి కుర్చీ జరిపారు. అంతా తేలిపోయింది.

బాలలక్ష్మి హెల్మెట్ తీసింది.

"సార్, నాకొకటి సమజ్ కాలే. నా యాంటెన్నా ఊకెనే లేస్తె జప్తు. సాంబమూర్తి సారు స్విచ్చు ఒత్తి కారును గుద్దిస్తె టెక్నికల్. నేను ఒత్తలే అన్నప్పుడు ఒక్కలన్న తక్కిన డబ్బలు ఇప్పి చూసిండ్రా? సార్ నోట్లకెల్లి ఒక్క మాట రాంగనే కుర్చీ ఏస్తుండ్రు."

ప్రసన్నకుమార్ నల్లబల్ల కోసం వెతుకుతున్నవాడిలా వెనక్కి తిరిగి క్లిప్పుల పలక వైపు చూశాడు. టీ పోసేవాడు పోయడం ఆపాడు.

సాంబమూర్తి తన కోసం జరిపిన కుర్చీలో కూర్చోలేదు. మెడలోని డబ్బాను తిప్పి, యాంటెన్నా మొదలు పట్టుకుని, ఎడమవైపుకు తిప్పడం మొదలుపెట్టాడు. ఏ డబ్బా దగ్గరా ఎప్పుడూ మర చుట్టు తిప్పని మనిషి. అది బిగుసుకుపోయుంది. జేబురుమాలు చుట్టి తిప్పాడు. ఊడింది. చివికిన రిబ్బనుతో సహా ప్రసన్నకుమార్ వైపు చాచాడు. ప్రసన్నకుమార్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఛ, ఛ, మీది నేను తీసుకోవడమేంటండీ!"

"గట్లయితె ఇటియ్యుండ్రి," అని బాలలక్ష్మి తీసేసుకుంది. వద్దు సార్, పోనియ్యండ్రి సార్ అనలేదు. స్కూటీ సీటు లేపి, అందులో పెట్టి, సీటు టప్పున మూసింది. "నెల అయినంక కర్రీ పాయింటుకు రండ్రి. దొండకాయ గూడ కట్టిస్త."

తరవాత సాంబమూర్తి కుర్చీ పక్కన ఉన్న తన డబ్బా తీసుకుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. స్టిక్కు మీది పసుపు మరక అలాగే ఉంది. "తుడవలేదా సార్?" అంది. సాంబమూర్తి తల అడ్డంగా ఊపాడు. ఆమె పలక దగ్గరికి నడిచింది. ఎర్ర క్లిప్పు ఇంకా గజేందర్ యాంటెన్నాకే ఉంది. ఆమె అడగలేదు, పలక దగ్గర నిలబడింది, అంతే. గజేందర్ వచ్చి క్లిప్పు పలకకు పెట్టబోయి, మనసు మార్చుకుని ఆమె చేతికే ఇచ్చాడు. కారు తువ్వాలులోంచి బయటికి వచ్చింది. ఇళ్ళు లేని రోడ్డు మీద దూరంగా, ఇంకా దూరంగా పోయింది. ఆమె నిలబడ్డ చోటే నిలబడింది.

ఇదంతా జరిగింది జరిగినట్టే రాశాను, ఒక్క ముక్క తప్ప. సాంబమూర్తి ఎవరూ చెప్పకుండా తనంతట తాను లేచాడన్నది నేను కల్పించింది. వెనక కూర్చున్న విజయదుర్గ గొడుగు మొనతో ఆయన వీపులో పొడిచింది. మొదటి పోటుకు ఆయన లేవలేదు కూడా.